ముసుగు లేని ఊపిరి

చేయాల్సిన పనులు:

కెమెరా డబ్బా త్రీడీ ప్రింటు తీయించాలి. నారింజ రంగు ప్లాస్టిక్కే మిగిలింది, అదే కానివ్వాలి.

లెన్సు ముందు పెట్టే గాజు కోసం పాత ప్రొజెక్టర్లు విప్పే షాపులో అడగాలి.

బ్యాటరీలు అదనంగా ఉంచుకోవాలి. మిల్లు దగ్గర ఎవర్నీ కరెంటు అడగకూడదు.

దుమ్ము దూరకుండా సర్క్యూట్ బోర్డు చుట్టూ మైనం పెట్టాలి.

చిన్నమ్మను ఒప్పించాలి.

ముఖాలు కనబడకూడదు. గొంతులు మార్చాలి.

చివర్లో అందరి పేర్లూ వేయాలి. స్క్రూలు ఊరికే ఇచ్చిన మాబు సాహెబ్ పేరుతో సహా.

సినిమాతో పాటు అన్నీ బయటపెట్టాలి: కెమెరా డిజైన్ బొమ్మలు, కోడ్, తీసిన ప్రతి షాటు.

ఈ కాగితాన్ని లింగేశ్వరి గది గోడకు అతికించింది. కర్నూలు పాతబస్తీలో, మాబు సాహెబ్ సైకిల్ షాపు పైన ఉన్న ఆ గదిలోనే వాళ్ళ గుంపు పని చేసుకునేది. లింగేశ్వరి వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. కాగితం మీద రాసిన పని చెయ్యకపోతే ఎవరో వచ్చి ఆ డిగ్రీ తిరిగి లాక్కుపోతారన్నట్టు ఉండేది ఆమె వరస. పని అయ్యాక దాని పక్కన టిక్కు పెట్టేది. టిక్కు పెట్టేటప్పుడు పెదవులు బిగించేది.

ఆఖరి పని ఆ గుంపు నియమం. ఏది చేసినా ఓపెన్ హార్డ్‌వేర్‌తో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో చెయ్యాలి, చేసింది పూర్తిగా లోకానికి ఇచ్చెయ్యాలి. కాలేజీ ల్యాబులో సాఫ్ట్‌వేర్ గడువు తీరిపోయి తెరలన్నీ మూసుకుపోయిన రోజున, పక్క బెంచీలోని అన్వర్ బాషా ఆమె చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు. "ఇది పెట్టుకో. ఎవర్నీ అడగాల్సిన పనిలేదు" అన్నాడు. ఎవర్నీ అడగాల్సిన పనిలేదు అనే మాట లింగేశ్వరి పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు. ఫీజుకు అడగాలి, హాస్టలుకు అడగాలి, బస్సు పాసుకు సంతకం అడగాలి. అందుకే ఆ మాటను ఆమె ఒక మొక్కులా పట్టుకుంది. గుంపు చేసిన ప్రతిదానితో పాటు జతచేసే లైసెన్సులోని మొదటి వాక్యాన్ని తెలుగు చేసింది కూడా ఆమే: "దీన్ని ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు."

కెమెరా మొదటి పరీక్ష మాబు సాహెబ్ మీద జరిగింది. ఆయన ట్యూబుకు గాలి కొడుతుంటే అన్వర్ ఎదురుగా డబ్బా నిలబెట్టాడు. డబ్బాలోంచి కంటికి కనబడని వెలుగు వెళ్ళి ఆయన రొమ్మును, పక్కటెముకలను, మెడ గుంటను తాకి వచ్చింది. చర్మం వెంట్రుకవాసి కదిలినా కోడ్ దాన్ని పట్టి రంగు వేసింది. తెర మీద మాబు సాహెబ్ లేడు. ఆయన ఆకారంలో నీలం అలలు లేస్తూ పడుతూ ఉన్నాయి, మధ్య మధ్య ఎర్రటి చారలు.

"ఈ ఎరుపేందిరా అన్వరూ?"

"నీ బీడీలు మామూ."

"అరె, నా లోపల దీపావళి చేస్తాండారే!" అని ఆయన నవ్వాడు. నవ్వు దగ్గైంది. ఆ దగ్గు తెర మీద నిప్పురవ్వల్లా చెదిరింది. గదిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పూట బీడీ ముట్టించలేదు గానీ, మర్నాడు మామూలే.

డోన్ దాటాక, రోడ్డుకు దూరంగా, పలుగురాళ్ళను పొడి కొట్టే మిల్లు ఉంది. దాని వెనక రేకుల ఇళ్ళ వరసను లైను అంటారు. లింగేశ్వరి చిన్నమ్మ సుంకమ్మ ఆ లైనులో ఉంటుంది, మిల్లులో సంచులు నింపుతుంది. నలభై దాటలేదు. కనుబొమలు, రెప్పలు, ముక్కుపుడక చుట్టూ తెల్లపొడి పట్టి, మధ్యాహ్నం బువ్వ వేళకు బయటికొచ్చేసరికి ముసలామెలా ఉంటుంది. మొహం కడుక్కున్నాకే మళ్ళీ చిన్నమ్మ అయ్యేది.

"ఏం మే లింగా, ఇంత సదివి సివరికి ఈ డబ్బా మోసుకోని తిరుగుతాండావా?"

"సినిమా చిన్నమ్మా. నువ్వే హీరోయిన్."

"హీరోయిన్‌కు మొగం ఉండల్ల గదే. మొగం సూపిస్తే మేస్త్రి రేపు గేటు కాడ్నే నిలబెడతాడు. నాకొద్దు తల్లీ."

"దీంట్లో మొగమే కనపడదు. సూడు."

సుంకమ్మ నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడింది. లింగేశ్వరి తెరను ఆమె వైపు తిప్పింది. రంగుల మనిషొకటి అక్కడ ఊపిరి తీస్తోంది.

"ఇది నేనా? బాగుండానే. పీర్ల పండగ లెక్క ఉండానే." కాసేపు మురిసిపోయి, వేలితో తెర తాకింది. "ఈ నల్లగా ఉండేదేంది? ఈడొగటి, ఈడొగటి."

లింగేశ్వరికి అబద్ధం చెప్పడం రాదు. "ఆడ గాలి పోవడం లేదు చిన్నమ్మా. గట్టిపడింది."

"తెల్లపొడి మింగితే నల్లగా కనపడతాండాది. ఇదేం సోద్యం మే." చెంగుతో తెర మీద పడిన పొడి తుడిచింది, ఆ నలుపు కూడా దాంతో పోతుందేమోనన్నట్టు. "మీ చిన్నాయనకూ ఇట్లనే ఉండెనేమో. క్షయ అనిరి. మాత్రలు మింగి మింగి పాయె. లైనులో ఎవురు పోయినా క్షయే."

సినిమా ఎందుకో ఆ మాటలో ఉంది. లైనులో చావులన్నీ క్షయ లెక్కలో పోతున్నాయి. దుమ్ము వల్ల వచ్చిన జబ్బని తేలితే మిల్లు జవాబు చెప్పాలి, పరిహారం ఇవ్వాలి. తేల్చడానికి పరీక్షలు చేయించుకోవాలంటే మిల్లు చూపించిన డాక్టరు దగ్గరికే పోవాలి. ఈ డబ్బాకు డాక్టరు అక్కర్లేదు. ఎదురుగా నిలబడి ఊపిరి తీస్తే చాలు.

సుంకమ్మ చివరికి ఒప్పుకుంది. కెమెరా ముందు చాలా చెప్పింది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే మిషను అధికారులొచ్చే రోజు తప్ప తిరగదని చెప్పింది. ముక్కుకు కట్టుకోవడానికి ఎవరి పాత చీరముక్క వాళ్ళదేనని చెప్పింది. వెనక మిల్లు గొట్టం కనబడేచోట నిలబడి, ఖాళీ సంచితో తన పని చేసి చూపించింది. గొట్టం కింద సంచి మూతి విప్పగానే పొడి లేస్తుంది. దానికి ఆమె దగ్గరొక ఉపాయం ఉంది. విప్పే ముందు ఊపిరి బిగబడుతుంది. సంచి నిండి, మూతి ముడివేసి, పక్కకు జరిపేదాకా వదలదు. అప్పుడు మూడు చిన్న దమ్ములుగా, ఉఫ్ ఉఫ్ ఉఫ్ అని వదులుతుంది.

"ఎవురు నేర్పినారు చిన్నమ్మా?"

"ఎవురు నేర్పుతారు? అందరూ బిగబడతారు. ఒక్కతూరి వదిలితే మళ్ళ అంతే పెద్దగా పీలుస్తాము గదా, పొడంతా లోపలికి పోతాది. ముక్కలు సేసి వదిలితే మేలు. ఇప్పుడు నిద్రలో కూడా ఇట్లనే వదుల్తానంట. మీ చిన్నాయన నగుతాండె."

తెర మీద ఆ మూడు దమ్ములు మూడు నీలం చుక్కల్లా వచ్చి పోయాయి. ఎంత అందమైన షాటు అని లింగేశ్వరి అనుకుంది. సినిమాను దాంతోనే మొదలుపెట్టాలని అప్పుడే నిర్ణయించుకుంది.

వెళ్ళేటప్పుడు సుంకమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎవురూ గుర్తుపట్టరు గదా?"

"పట్టరు చిన్నమ్మా. నా మీద ఒట్టు."

"ఒట్టొద్దులే. సదువుకున్నదానివి, నీ మాట సాలు."

ఎడిటింగ్ కూడా సైకిల్ షాపు పైన ఉన్న గదిలోనే జరిగింది. గొంతులు మార్చారు. ముఖాలు ఎలాగూ లేవు. సినిమాకు 'పలుగుపొడి' అని పేరు పెట్టారు. చివర్లో పేర్లు వేశారు. ఏ దేశంలోనో కూర్చుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళ పేర్లు, తెలుగు ఫాంటు అక్షరాలు గీసినవాళ్ళ పేర్లు, గాజు ఇచ్చిన షాపు పేరు, మాబు సాహెబ్ పేరు. లైనులో మాట్లాడినవాళ్ళ పేర్లు మాత్రం వేయలేదు.

గోడ మీద ఒక్క పని టిక్కు లేకుండా మిగిలింది. ఎప్పుడూ తొందరపడే అన్వర్ ఈసారి వెనకాడాడు.

"తీసిన షాట్లన్నీ ఇప్పుడే పెట్టడమెందుకు లింగా? సినిమా ఒకటి వదుల్దాం. మిగతావి కొన్నాళ్ళు ఆగనీ."

"ఎందుకు ఆగాల? దాంట్లో మొగాలున్నాయా?"

"లేవు."

"పేర్లున్నాయా?"

"లేవనుకో. అయినా ఎందుకో..."

"షాట్లు దాచిపెడితే ఇదంతా గ్రాఫిక్స్ అంటారు. నమ్మాలంటే ఎవరైనా తెరిచి చూసుకునేట్టుండాల. మనమే దాచుకుంటే ఆ మిల్లుకూ మనకూ తేడా ఏముంది? నియమం నియమమే బాషా."

అన్వర్ ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ నియమం ఆమెకు నేర్పింది తనే. షాట్లన్నీ, వాటి వెనకున్న ఊపిరి అంకెలన్నీ వెబ్‌సైట్‌లోకి ఎక్కాయి. లింగేశ్వరి పెదవులు బిగించి టిక్కు పెట్టింది.

సినిమా బాగా తిరిగింది. ఎక్కడెక్కడివాళ్ళో రాశారు. ఒడిశాలో ఒక డాక్టరమ్మ ఆ బొమ్మలు చూసి తనూ డబ్బా తయారుచేసుకుంది, గనుల ఊళ్ళలో వాడుతోంది. అధికారులు విచారణకు ఆదేశించారు. కాలేజీవాళ్ళు లింగేశ్వరిని పిలిచి శాలువా కప్పారు. ఆమె ఆ శాలువాను చిన్నమ్మకు ఇవ్వాలని సంచిలో పెట్టుకుంది.

ఇవ్వకముందే సుంకమ్మ ఫోను చేసింది.

"లింగా, మీ డబ్బా ఈడ పెట్టినారు మే."

"ఎక్కడ?"

"గేటు కాడ. అదే నారింజ రంగు. పొద్దున పనిలోకి పోతే దాని ముందర నిలబడల్ల. పచ్చ లైటు వస్తే లోపలికి. ఎర్ర లైటు వస్తే ఇంటికి. ఆరోగ్య పరీచ్చంట. లైనులో సగం మందికి ఎరుపే వచ్చె." దగ్గు ఆగాక మళ్ళీ అంది, "నన్ను ఆఫీసులోకి పిలిసినారు. కంపూటర్లో నా ఊపిరి ఏసి సూపిచ్చిరి. ఇది నీదే గదా అనిరి. నాది కాదంటి. అయితే ఒగసారి సంచి ఎత్తు అనిరి. నేను మార్చి వదలాలనే సూస్తి లింగా. ఈ ముండ ఊపిరి నా మాట యాడ ఇంటాది. మూడు ముక్కలే వచ్చె."

"ఇప్పుడు ఎక్కడున్నావు చిన్నమ్మా?"

"ఇల్లు ఖాళీ సెయ్యమన్నారు. నువ్వు బయపడొద్దు. నేను నీ పేరు సెప్పలేదు."

ఆ మధ్యాహ్నమే లింగేశ్వరి బస్సెక్కింది. గేటు దగ్గర స్తంభానికి బిగించిన డబ్బాను దూరం నుంచే గుర్తుపట్టింది. వాళ్ళ బొమ్మల ప్రకారమే, మూలన గుంపు గుర్తుతో సహా ప్రింటు తీశారు. దాని కింద ఒక బోర్డు ఉంది, తెలుగులో, అందరికీ కనబడేట్టు: "ఈ పరికరం రూపకర్తలు లింగేశ్వరి, అన్వర్ బాషా, వారి మిత్రులు. వారికి కృతజ్ఞతలు."

చిన్నమ్మ లింగేశ్వరి పేరు చెప్పాల్సిన పని లేకపోయింది. ఎర్ర లైటు పడిన ప్రతి మనిషీ రోజూ పొద్దున ఆ పేరు చదివాకే ఇంటికి పోతున్నాడు. చదువు రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి చెబుతున్నారు.

మిల్లు మేనేజరు ప్రమోద్ కుర్చీలోంచి లేచి నిలబడి మరీ మాట్లాడాడు. తనూ ఇంజనీరే.

"మీరే రావడం మా అదృష్టం మేడమ్. చాలా శుభ్రమైన కోడ్. బోర్డు చూశారుగా? పేర్లు వేయాలని లైసెన్సులో ఉంది కాబట్టి వేశాం. మనిషి మనిషికీ ఊపిరి తేడా కనిపెట్టే భాగం మా కుర్రాళ్ళు అదనంగా రాశారు. దాన్ని కూడా బయటపెట్టాం. అదీ షరతే కదా."

"అది జబ్బు రుజువు చేయడానికి తీశాం సార్. పనిలోంచి తీసెయ్యడానికి కాదు."

"ఆరోగ్యం బాగాలేనివాళ్ళను దుమ్ములో పెట్టమంటారా మేడమ్?" అని అతను నిజంగానే నొచ్చుకున్నట్టు చూశాడు. "అయినా ఏ పనికైనా అని మీరే రాశారు. తెలుగులో కూడా ఉంది, చూశాను. చక్కగా రాశారు."

ఆ వాక్యాన్ని తెలుగు చేసింది ఆమేనని అతనికి తెలియదు. ఆమె బయటికి నడిచింది.

తిరిగి వచ్చాక గుంపు వెబ్‌సైట్‌లోంచి షాట్లన్నీ తీసేసింది. అప్పటికే అవి ఎన్ని చోట్లకు చేరాయో లెక్క లేదు. చుట్టుపక్కల మిల్లుల గేట్లన్నిటికీ నారింజ డబ్బాలు వచ్చాయి. ఒక మిల్లులో ఎర్ర లైటు పడిన మనిషిని ఇంకో మిల్లు కూడా రానివ్వదు. సుంకమ్మ కర్నూలుకు వచ్చి లింగేశ్వరి అమ్మ దగ్గర ఉంది. లైనువాళ్ళు ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారని అమ్మతో చెప్పింది గానీ లింగేశ్వరితో చెప్పలేదు.

విచారణ ఎండాకాలంలో వచ్చింది. మిల్లు తరఫు వకీలు ఒకటే మాట పట్టుకున్నాడు. సినిమాలో ముఖాలు లేవు, పేర్లు లేవు, అందులో ఉన్నవాళ్ళు తమ మిల్లులో పనిచేశారనడానికి ఆధారం లేదు. సుంకమ్మ పేరు ఏ హాజరు పట్టీలోనూ లేదు. ఉండదు కూడా. లైనులో ఎవరి పేరూ ఎక్కించరు, మేస్త్రి నోటి లెక్కే.

అప్పుడు లింగేశ్వరి లేచింది. ఆమె సంచిలో నారింజ డబ్బా ఉంది.

"అయ్యా, మిల్లువాళ్ళు మనిషిని ఊపిరితో గుర్తుపట్టే కోడ్ రాసి బయటపెట్టారు. అదే కోడ్ నా దగ్గరుంది. ఖాళీ సంచి ఎత్తుతుండగా తీసిన షాటు ఉంది. షాటులో వెనక మిల్లు గొట్టం ఆకారం కనబడుతుంది. మా చిన్నమ్మ ఇక్కడే ఉంది. రెండూ కలిపి చూడండి. వాళ్ళ కోడే చెబుతుంది ఆమె ఎవరో."

అధికారి ముందుకు వంగాడు. వకీలు ప్రమోద్ వైపు చూశాడు. ప్రమోద్ తల దించుకున్నాడు. అన్నీ బయటపెట్టినందుకు ఒక్కసారైనా మేలు జరగబోతోందని, ఆ క్షణాన లింగేశ్వరి గుండె నిజంగా నమ్మింది. వెనక నిలబడ్డ అన్వర్ పిడికిలి బిగించాడు.

సుంకమ్మ కుర్చీలోంచి లేచింది. లేవడానికే గోడ పట్టుకుంది. కెమెరా ముందు ఖాళీ సంచి ఎత్తింది. ఊపిరి బిగబట్టబోయింది. నిలవలేదు. మధ్యలోనే జారిపోయింది. మూడు ముక్కలుగా వదలాలని ఆమె పెదవులు కదిలాయి. ఉఫ్ అని ఒక్కటి వచ్చింది, ఆ తర్వాత దగ్గే. తెర మీద నీలం దాదాపు లేదు. నలుపు భుజాల దాకా పాకింది.

యంత్రం వెతికింది. చివరికి చెప్పింది: సరిపోలలేదు.

"ఇంగొగసారి ఎత్తుతాను సార్" అంది సుంకమ్మ. ఎత్తింది. మళ్ళీ అదే వచ్చింది.

"జబ్బు ముదిరింది కాబట్టి ఊపిరి మారింది సార్! అదే కదా రుజువు!" అని లింగేశ్వరి అరిచింది.

"అది మీ అభిప్రాయం మేడమ్. యంత్రం మీదే కదా" అన్నాడు వకీలు. అధికారి ఆధారం లేదని రాసుకున్నాడు.

బయట మెట్ల మీద సుంకమ్మ చాలాసేపు కూర్చుంది. లింగేశ్వరి పక్కన కూర్చుని ఏడుస్తుంటే, చెంగుతో ఆమె మొహం తుడిచింది.

"పట్టుకోవద్దన్నప్పుడు పట్టుకునె. పట్టుకోమన్నప్పుడు ల్యాకపాయె. ఇది కూడా మేస్త్రి లెక్కనే ఉండాది మే నీ డబ్బా" అంది. నవ్వడానికి చూసింది, ఊపిరి చాలలేదు.

వానలు పడకముందే ఆమె పోయింది. ఆసుపత్రి కాగితంలో కారణం క్షయ అని రాశారు. శాలువా లింగేశ్వరి సంచిలోనే మిగిలిపోయింది. దాన్నే కప్పి పంపారు.

మిల్లు నడుస్తోంది. గేటు దగ్గర బోర్డు కూడా అలాగే ఉంది. ఎండకు అక్షరాలు వెలిస్తే మళ్ళీ రంగు వేయించారట. లైసెన్సును వాళ్ళు ఎప్పుడూ మీరలేదు.

లింగేశ్వరి, అన్వర్ ఆ సినిమాను మళ్ళీ తెరిచారు. ఒక్క షాటు మార్చలేదు, ఒక్క రంగు దిద్దలేదు. చివర్లో స్క్రూలు ఇచ్చినవాళ్ళ నుంచి అక్షరాలు గీసినవాళ్ళ దాకా అందరి పేర్లూ వచ్చే చోట, అన్నిటికంటే ముందు ఒక పేరు చేర్చారు. దాచాల్సిన అవసరం ఇక లేదు. ఆ పేరు కింద ఏం రాయాలా అని లింగేశ్వరి లైసెన్సును మళ్ళీ చదివింది. ఈ సినిమాను ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. కోసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దానికి కొత్త షరతు పెట్టడానికి లైసెన్సు ఒప్పుకోదు. అందుకే ఆమె రాసింది షరతు కాదు, వట్టి మనవి. ఈ కథ చదివినవాళ్ళకు కూడా అదే మనవి:

సంచి మూతి విప్పే ముందు ఊపిరి బిగబట్టి, తర్వాత మూడు చిన్న దమ్ములుగా వదిలే ఆమె పేరు సుంకమ్మ. ఏ పట్టీలోనూ ఆ పేరు లేదు. మీరు గుర్తుపెట్టుకోండి.